శ్రుతి తప్పిందని చెప్పేవాళ్లు

(విజయనగరంలో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక ఆర్కెస్ట్రా కీబోర్డు కళాకారుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. మాటల వరస మార్చలేదు.)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, కాస్త ముందుకి వచ్చి కూర్చోండి. వెనక ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు వినపడదు.

సినిమా పాటల్లో, యూట్యూబ్ పాటల్లో పైకి రావాలనుకునే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారట. పేరు, డబ్బు, వాటి చుట్టూ చేరే మనుషులు, ఈ సంగతుల గురించి వాళ్లకి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు పేరు రాలేదు. ముప్పై రెండేళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. పలాస, టెక్కలి, పాలకొండ, బొబ్బిలి, సాలూరు, ఎక్కడ పెళ్లయినా, ఎక్కడ అమ్మవారి పండగైనా మా వ్యాను వెళ్లేది. పేరొచ్చిన వాళ్ల పక్కన కూర్చుని వాయించాను. స్టేజీ మీద లైట్లు కళ్లలో పడుతుంటే పాడేవాడికి ఎదురుగా ఉన్న జనమే సరిగ్గా కనపడరు. మెట్ల దగ్గర ఎవరు నిలబడ్డారో, ఎవరు వెళ్లిపోయారో పక్కన కూర్చున్న మాకు కనపడుతుంది. నేను చూసినవే చెబుతాను.

ముందు మన ఊరి సంగతి. 1919లో విజయరామ గజపతి మహారాజు గారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అప్పుడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వచ్చారు. ఆయన వయొలిన్ విన్న దాసుగారు, నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పాలి అన్నట్టుగా ఏకంగా వయొలిన్ పంతులుగానే వేసుకున్నారు. హరికథకు పితామహుడని పేరు పడ్డ మనిషి, ఊరూ పేరూ లేని కుర్రాణ్ణి తనతో సమానంగా కూర్చోబెట్టారు. ఆ కుర్రాడే తర్వాత 1936లో అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ రోజుల్లోనే కృష్ణా జిల్లా నుంచి ఇంకో కుర్రాడు, చేతికున్న ఉంగరం అమ్ముకుని ఇక్కడికి వచ్చాడు. తండ్రి లేడు. చేతిలో డబ్బు లేదు. సాలూరు చిన గురువుగారని అందరూ పిలుచుకునే పట్రాయని సీతారామశాస్త్రి గారు అతన్ని చేరదీసి పాఠం చెప్పారు. ఆ ఇంట్లోనూ కలిమి అంతంతమాత్రమే. అందుకని కుర్రాడు జోలె కట్టుకుని మధూకరానికి వెళ్లేవాడు. ఈ మాట మీలో చాలామందికి తెలియదు కదా? రోజూ కొన్ని గుమ్మాల ముందు నిలబడితే, ఆ ఇంటి ఇల్లాలు ఇంత అన్నం వేస్తుంది. అది తెచ్చుకుని తిని చదువుకోవడం. ఆ కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. మన వీధుల్లో పేరు తెలియని తల్లులు ఎంతమంది ఆ గొంతుకి అన్నం పెట్టారో! వాళ్లెవరికీ ఇతను ఎవరవుతాడో తెలియదు. తెలిసి పెట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది, దీని గురించి జనం అంతగా చెప్పుకోరు. చిన గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు గారు తర్వాత మద్రాసులో ఘంటసాల గారి దగ్గరే చేరారు. 1974లో ఘంటసాల గారు పోయేదాకా, ఏళ్ల తరబడి, హార్మోనియంతో ఆయన పక్కనే ఉన్నారు. సంగీతరావు గారు 2021లో, నూరేళ్లు నిండాక కాలం చేశారు. అంటే ఏమిటి? దేశమంతా ఘంటసాల, ఘంటసాల అంటున్నప్పుడు, ఆయన పక్కన కూర్చున్నది ఆయనకి స్వరం నేర్పిన ఇంటి మనిషి. గురువుగారు ఏ గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపే తీరుని, ఎలా పట్టమన్నారో తెలిసిన మనిషి. అలాంటి మనిషి పక్కనుంటే ఎంత పేరొచ్చినా తప్పు దాచుకోవడం కుదరదు.

ఇప్పుడు నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. పేర్లు చెప్పను.

మా పార్టీలో ఒక డోలక్ కళాకారుడు ఉండేవాడు. అందరం మావయ్య అని పిలిచేవాళ్లం. కంటోన్మెంట్ దగ్గర రెండు గదుల ఇల్లు. ఆయన భార్యని మేమంతా అప్ప అనేవాళ్లం. చీపురుపల్లి వైపు నుంచి పదిహేడేళ్ల కుర్రాడొకడు మా పార్టీలో పాడటానికి వచ్చాడు. గొంతు బంగారం. ఒకటే లోపం, కాలం నిలవదు. పల్లవి దాటగానే పరుగెత్తేస్తాడు. మావయ్య పాట మధ్యలో డోలక్ అంచు మీద ఉంగరం వేలితో ఒక్కసారి తట్టేవాడు. టిక్ అని. జనానికి వినపడదు. కుర్రాడికి వినపడేది, వెంటనే సర్దుకునేవాడు. ప్రోగ్రాం అయ్యాక కూడా నలుగురిలో ఏమీ అనేవాడు కాదు. ఇంటికి తీసుకెళ్లి, అప్ప అన్నం వడ్డించాక, అప్పుడు మొదలుపెట్టేవాడు. "ఏట్రా బాబూ, నిన్ను ఎవులు తరుముతున్నారు? చరణం ఎక్కడికీ పారిపోదురా, నిదానంగా వెళ్లి పట్టుకో." ఇలా నాలుగేళ్లు. ప్రోగ్రాం లేని రోజుల్లో కూడా ఆ కుర్రాడి రాత్రి భోజనం అక్కడే.

తర్వాత ఒక టీవీ పోటీకి వెళ్లాడు. చాలా దూరం వెళ్లాడు. జంక్షన్లో ఫ్లెక్సీలు కట్టారు. తిరిగి వచ్చేసరికి మా పార్టీ మొత్తానికి ఇచ్చే డబ్బు కన్నా అతనొక్కడికి ఇచ్చేది ఎక్కువైంది. సంతోషమే, కష్టపడ్డాడు. మేనేజరు వచ్చాడు, కారు వచ్చింది, ఫోన్ నంబరు మారింది. కొత్త నంబరు మావయ్యకి ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు. ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

ఒక ఊరి ఉత్సవంలో అతని ప్రోగ్రాం. కీబోర్డుకి నన్ను పిలిచారు. డోలక్ అక్కర్లేదన్నారు, రిథమ్ అంతా ముందే రికార్డు చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకున్న ట్రాక్. మావయ్య మాత్రం వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారేజీ. అందులో ఆనపకాయ నువ్వుపిండి కూర ఉందని నాకు తర్వాత తెలిసింది, ఆ కుర్రాడికి అదంటే ప్రాణం. స్టేజీ మెట్ల దగ్గర టీషర్టులు వేసుకున్న కుర్రాళ్లు పాస్ అడిగారు. "పాస్ ఏటి బాబూ, మావాడే" అన్నాడు. లిస్టులో పేరు లేదన్నారు. గంటసేపు ఆ మెట్ల పక్కన జనరేటరు పొగలో నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు.

ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. రెండు పాటల మధ్య లేచి, ఆయన మనవాడు, రానివ్వండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ మేనేజరు నన్ను తర్వాతి ప్రోగ్రాంకి పిలుస్తాడా, పిలవడా అన్న ఆలోచనలో ఉన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాలి. కారణం ఉంది. కానీ కారణం ఉందని ఆ పని సరైనదైపోదు కదా. ఆ టిఫిన్ క్యారేజీ నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఆ రాత్రి కుర్రాడు పాట పాటకీ పరుగెత్తాడు. ట్రాక్ ఒక దారి, గొంతు ఒక దారి. జనం ఈలలు వేశారు, ఫోన్లు ఎత్తి లైట్లు ఊపారు. ప్రోగ్రాం అయ్యాక గదిలో పదిహేనుమంది ఉన్నాం. అందరూ అదరగొట్టావన్నా అన్నారు. నేను కూడా, బాగా పాడావు నాయనా అన్నాను. వేలితో తట్టేవాడు అప్పటికి ఇంటికి వెళ్లిపోయాడు.

రోజూ ప్రోగ్రాములు, సరిగ్గా నిద్ర లేదు, గొంతులో కాయలు కట్టాయి. ఆరు నెలలు పాడొద్దన్నారు డాక్టర్లు. బయానాలు ఇచ్చినవాళ్లు వెనక్కి అడిగారు. మూడో నెలకి ఆ పదిహేనుమందిలో ఒక్కరూ ఫోన్ చేయలేదని అతనే నాతో అన్నాడు. వాళ్లు దుర్మార్గులని నేననను. వాళ్లకి అతనితో పని ఉండేది, పని అయిపోయింది. ఆ గదిలో నేను కూడా ఉన్నాను కాబట్టి ఇది నా గురించి కూడా చెబుతున్నాను.

ఇది మన జిల్లాకే పరిమితం కాదు, ప్రపంచంలో అతి పెద్ద పేరొచ్చిన వాళ్లకి కూడా ఇదే జరిగింది. ఎల్విస్ ప్రెస్లీ పేరు విన్నారా? అమెరికా రాక్ గాయకుడు, 1935లో పుట్టాడు. మెంఫిస్‌లో ఆయన బంగళా పేరు గ్రేస్‌ల్యాండ్. ఆయన వెంట ఎప్పుడూ ఒక స్నేహితుల గుంపు ఉండేది. చాలామందికి ఆయనే జీతాలిచ్చేవాడు, కార్లు కొనిపెట్టేవాడు. మేనేజరు కర్నల్ పార్కర్ చివరి ఏళ్లలో సంపాదనలో సగం తీసుకునేవాడు. 1973లో అప్పటిదాకా పాడిన పాటల రికార్డుల మీద రావాల్సిన రాయల్టీలని కంపెనీకి 54 లక్షల డాలర్లకి అమ్మేస్తే అందులోనూ సగం అతనిదే. 1976లో కొందరు అంగరక్షకుల్ని పనిలోంచి తీసేశారు. వాళ్లు ఆయన ఇంటి గుట్లన్నీ పుస్తకంగా రాయించారు. అది బయటికొచ్చిన రెండు వారాలకి, 1977 ఆగస్టు 16న, ఎల్విస్ ఆ ఇంట్లోనే చనిపోయాడు. నలభై రెండేళ్లు. మందుల అలవాటు ఆయన ఒంటిని ఎంత పాడుచేసిందో ఆ తర్వాత లోకమంతా చెప్పుకుంది. ఇల్లంతా మనుషులే. కానీ నీ చేతి జీతం తినేవాడు, నువ్వు తప్పుదారిలో ఉన్నావని నీతో ఎలా అంటాడు? ఒకవేళ అన్నా వాడి మాట ఎవరు వింటారు, వాడి ఉద్యోగం పోతుంది గానీ.

ఎల్విస్ సంగతి చదివినప్పుడల్లా నాకు మావయ్య వేలు గుర్తొస్తుంది. ఆ మనిషికి అంత డబ్బు ఉంది, ఒక టిక్ లేదు.

పాట తయారయ్యే పద్ధతి కూడా మనుషుల్ని దూరం చేసింది. వెనకటి రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ అందరూ ఒకేసారి కూర్చుని రికార్డు చేసేవారు. చివరి చరణంలో ఫ్లూటు వాయించేవాడు తప్పితే మొత్తం పాట మళ్లీ మొదటినుంచి. దానివల్ల అందరికీ అందరి మీదా కోపం వచ్చేది, అందరికీ అందరితో పని ఉండేది. మధ్యాహ్నం కలిసి భోంచేసేవారు. ఎవరి భాగం వాళ్లు విడిగా రికార్డు చేసే ట్రాకులొచ్చాక డ్యూయెట్ పాడిన ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పాట పూర్తవుతోంది. మా ఆర్కెస్ట్రాల్లోనూ అంతే. పన్నెండుమంది వ్యానులో వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఒక లాప్‌టాప్, ఒక సింగరు. ఖర్చు తగ్గింది, నేను కాదనను. వ్యానులో తెల్లవారుజామున మూడింటికి, నీ రెండో పాటలో నిషాదం, ఆ 'ని' స్వరం, దిగిపోయిందిరా అని చెప్పే నోరు కూడా ఆ ఖర్చుతో పాటే పోయింది.

వినేవాళ్లతో సంబంధం కూడా చూడండి. స్పాటిఫై లాంటి చోట ముప్పై సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క. అందుకే పాట మొదలవగానే హుక్ లైను, అంటే వినగానే పట్టేసే ముక్క, పెట్టమంటున్నారు. ఆలాపన తీసేయమంటున్నారు. ముప్పై సెకన్ల స్నేహం అది. 2020 జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు శ్రీకాకుళం వైపు ఒక కుర్రాడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. జానపదాలు పాడేవాడు. మాస్టారూ, నా జనమంతా పోయారన్నాడు. లక్షలమంది. వాళ్లలో ఒక్కరి ఊరు కూడా అతనికి తెలియదు, అతనెక్కడున్నాడో వాళ్లకీ తెలియదు. ఆ రాత్రి అతని ఏడుపు అబద్ధం కాదు, నేను విన్నాను. కానీ పోయింది జనమా, అంకెలా అని అప్పుడు అడగలేకపోయాను. ఇప్పుడు మీలో అలాంటి పిల్లలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రేపు నీ ఛానల్ పోతే నిన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చేవాళ్లు ఎంతమంది?

జానపదం మాట వచ్చింది గనక ఇది కూడా చెప్పాలి, కాస్త కోపంగానే చెబుతాను. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు షిప్‌యార్డులో పనిచేస్తూ పాటలు కట్టారు. యూట్యూబ్ లేని రోజుల్లోనే ఆ పాటలు ఊళ్లు దాటాయి. ఎవరు కట్టారో తెలియకుండా కూడా జనం పాడుకున్నారు. 2020 ఆగస్టులో ఆయన పోయారు. ఆయన పాటలు ఎక్కడినుంచి వచ్చాయి? ఊడుపుల్లో, కోతల్లో, మన వైపు జానపద కళలైన జముకుల కథల్లో, తప్పెటగుళ్లలో ఉన్న బాణీల్లోంచి. ఇప్పుడు అవే బాణీల కోసం కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని ఊళ్లకి వెళ్తున్నారు. ఒక ముసలమ్మ చేత పాడించుకుంటున్నారు. దానికి బీటు కలిపి, డాన్సు కలిపి పెడుతున్నారు. లక్షల వ్యూస్. ముసలమ్మకి ఏం దక్కింది? పేరు కూడా కింద రాయరు, జానపదం అని రాస్తారు. జానపదానికి ఇల్లూ వాకిలీ లేదా? పాడిన నోరు లేదా? పాట ఇచ్చిన మనిషి పేరు రాయండి, ఊరు రాయండి. డబ్బొస్తే పట్టుకెళ్లి ఇవ్వండి. మళ్లీ ఏడాది వెళ్లి ఆమె ఎలా ఉందో చూసి రండి. ఆమె మీకు ఇంకో పాట నేర్పుతుంది. మీరు తప్పు పాడితే నవ్వుతుంది కూడా, ఆ నవ్వు మీకు అవసరం.

డబ్బు సంగతి తల్లిదండ్రులకి ఒక్క ముక్క. పిల్లల చేత కాగితాల మీద సంతకాలు పెట్టించే ముందు చదవండి. 2012లో కాపీరైటు చట్టం మార్చారు. పాట రాసినవాళ్లకీ స్వరపరిచినవాళ్లకీ రాయల్టీలో వాటా అడిగే హక్కు ఉంది, దాన్ని నిర్మాతకో కంపెనీకో రాసిచ్చేయడం చెల్లదు. పాడినవాళ్లకీ వ్యాపారానికి వాడుకుంటే వాటా ఉంది, దాని కోసమే 2013లో గాయకుల హక్కుల సంఘం ఏర్పడింది. నిన్ను తమ్ముడూ, చెల్లీ అని పిలుస్తూ కాగితం చదవనివ్వకుండా తొందరపెట్టేవాడు నీకు అన్న కాడు.

ఇందాక గుమ్మం దగ్గర ఒక పాప అడిగింది, అయితే పేరు వద్దంటారా మాస్టారూ అని. ఎందుకమ్మా వద్దు? ఎల్విస్ పుట్టిన ఆ 1935లోనే ఈ విజయనగరంలో పి. సుశీల గారు పుట్టారు. ఇక్కడి సంగీత కళాశాలలోనే చదువుకున్నారు. 17,695 పాటలని 2016లో గిన్నిస్ వాళ్లు లెక్కగట్టారు. అంత పేరు. ఆవిడ తన పేరు మీద ట్రస్టు పెట్టి, ఇబ్బందుల్లో ఉన్న సంగీత కళాకారులకి నెలనెలా పింఛన్లు ఇప్పించారు. పక్కన వాయించినవాళ్లు ముసలివాళ్లయ్యాక ఏం తింటున్నారో ఆలోచించారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి మొదటి అవకాశం ఇచ్చింది ఎస్.పి. కోదండపాణి గారు, 1966లో. బాలు గారు తర్వాత తన రికార్డింగ్ థియేటరుకి కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు. పేరు వస్తే ఇలాంటి పనులు చేయొచ్చు. నాబోటి వాడికి అంత శక్తి లేదు, మీకు రావాలని కోరుకుంటున్నాను.

మా కుర్రాడి సంగతి సగంలో వదిలేశాను, కదూ. గొంతు బాగయ్యాక ఒక సాయంత్రం కంటోన్మెంట్ ఇంటికి వచ్చాడు. నన్ను తోడు తీసుకెళ్లాడు, ఒక్కడే వెళ్లడానికి మొహం చెల్లలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. అప్ప లోపల్నుంచి చూసి, "తిన్నావేటిరా?" అంది. ఆ ఒక్క మాటే. మావయ్య పాత సంగతులేమీ ఎత్తలేదు. అన్నాలయ్యాక గోడకున్న డోలక్ దింపాడు. కుర్రాడు చాలా మెల్లగా, సగం గొంతుతో పాడాడు. రెండో చరణంలో టిక్ అంది. వాడు పాట ఆపి వెక్కి వెక్కి ఏడ్చాడు. మావయ్య మళ్లీ పల్లవి నుంచి అందుకోమన్నాడు.

మావయ్య ఇప్పుడు లేడు. ఆ కుర్రాడు హైదరాబాదులో ఉన్నాడు, మరీ పెద్ద పేరేమీ లేదు, పాడుతున్నాడు. సిరిమాను పండక్కి వచ్చినప్పుడు అప్ప దగ్గరే దిగుతాడు. ఆ మెట్ల దగ్గర నేను నోరు మూసుకున్న సంగతి కిందటేడు అతనికి చెప్పేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి నాకు టీ తెచ్చి ఇచ్చాడు.

ఇంక దిగుతాను. ఆ పాప శ్రుతి పెట్టుకుని అరగంట నుంచి కూర్చుని ఉంది. పాడమ్మా. తబలా మీద కూర్చున్న ఆ అబ్బాయి పేరేమిటి? తెలియదా? అడిగి తెలుసుకో, మైకులో ముందు అతని పేరు చెప్పు. ఊరు కూడా చెప్పు. అప్పుడు మొదలుపెట్టు.